ఆటే వృత్తి అయినప్పుడు ఆటగాడు కార్మికుడే

రైల్వే, తపాలా ఉద్యోగుల ఇండ్లలో నేడు ఒక కొత్త వివాదం తలెత్తినది. ఇంటర్మీడియట్ చదువుతున్న కుమారుడు సెల్‌ఫోనులో రాత్రి రెండు గంటల వరకు ఆట ఆడుతున్నాడు. అడిగితే, ఇదే నా వృత్తి కాబోతున్నదని సమాధానం చెబుతున్నాడు. తండ్రి దానిని వ్యసనమంటున్నాడు. కుమారుడు దానిని క్రీడ అంటున్నాడు. ఇరువురి మాటలోనూ కొంత సత్యమున్నది. కాని ఇరువురూ అడుగని ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ ఆటను వృత్తిగా స్వీకరించినవానికి యజమాని ఎవరు? వేతనమెంత? పని గంటలెన్ని? ఒప్పందం ఎవరు వ్రాశారు? చేయి నొప్పి పుట్టి ఆడలేని రోజు వచ్చినప్పుడు వానిని ఎవరు ఆదుకొంటారు? కార్మిక సంఘాల పత్రిక అడుగవలసిన ప్రశ్నలు ఇవేనని మేము భావిస్తున్నాము.

ఈ ప్రశ్నలను ఖరగ్‌పూర్‌లో నిలబడి అడుగుట సముచితం. బెంగాల్ నాగపూర్ రైల్వే పందొమ్మిదవ శతాబ్ది చివర నిర్మించిన ఈ రైల్వే పట్టణానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తెలుగు శ్రామికులు వేల సంఖ్యలో తరలివచ్చారు. వర్క్‌షాపులో, లోకో షెడ్డులో, యార్డులో చెమటోడ్చి ఇక్కడనే స్థిరపడ్డారు. మథురాకాటి, నింపురా వంటి పేటలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి ఇవ్వ నిర్ణయించినదంటే, దానికి మూలం ఈ శ్రామికుల తరతరాల నివాసమే. 1927లో ఈ వర్క్‌షాపు కార్మికులు సాగించిన సమ్మె దేశ కార్మికోద్యమ చరిత్రలో ఒక ఘట్టం. ఆ రైల్వే కార్మికులను సంఘటితపరచిన నాయకులలో ముఖ్యులు వి.వి. గిరి, తర్వాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన తెలుగువారు. ఉద్యోగ భద్రత అనునది ఎవరో దయతో ఇచ్చినది కాదు, పోరాడి సంపాదించుకొన్నది అని ఈ పట్టణానికి ఒకరు చెప్పవలసిన పనిలేదు.

ఒక క్రీడాకారుని కథ

క్రీడను వృత్తిగా స్వీకరించుట గురించి మాట్లాడినప్పుడల్లా ఈ పట్టణంలో ఒకే పేరు వినబడుతుంది. మహేంద్రసింగ్ ధోనీ 2001 నుండి 2003 వరకు ఆగ్నేయ రైల్వేలో, ఖరగ్‌పూర్‌లోనే, టికెట్ ఎగ్జామినరుగా పని చేశాడు. క్రీడా కోటాలో వచ్చిన ఉద్యోగమది. 2004 డిసెంబరులో భారత జట్టులో ప్రవేశించాడు. 2007లో ఇరవై ఓవర్ల ప్రపంచ కప్పును, 2011లో ఒకరోజు ఆటల ప్రపంచ కప్పును భారత జట్టు అతని నాయకత్వాన గెలిచినది. 2016లో అతని జీవితంపై చలనచిత్రం వచ్చిన తరువాత ఈ కథ ఇంటింటికీ తెలిసినది.

అయితే ఈ కథ నుండి నేటి యువకులు గ్రహిస్తున్న నీతి వేరు, మేము గ్రహిస్తున్న నీతి వేరు. ఉద్యోగాన్ని తృణప్రాయంగా విడిచినవాడే గొప్పవాడగునని యువకులు అనుకొంటున్నారు. ఆ ఉద్యోగమే లేనిచో ఆ రెండేండ్లు ఆ యువకుని పోషించినదెవరని మేము అడుగుతున్నాము. నెలజీతం ఉన్నది. ఆడుటకు రైల్వే జట్టు ఉన్నది. సాధన చేయుటకు రైల్వే క్రీడాసంఘం మైదానం ఉన్నది. ఒకవేళ భారత జట్టులో స్థానం దొరకకపోయినా, మోకాలు విరిగినా, అతడు వీధిలో పడవలసిన అవసరం లేదు, టికెట్ ఎగ్జామినరుగా పదోన్నతులు పొంది, పింఛనుతో విరమించియుండేవాడు. ధోనీ ఒక్కడు విజయం పొందాడు. అతని వలె క్రీడా కోటాలో చేరి, అంత ఎత్తుకు ఎదుగక, గౌరవంగా ఉద్యోగం చేసుకొని విరమించినవారు వందల సంఖ్యలో ఉన్నారు. వారి పేర్లు ఏ చలనచిత్రంలోనూ లేవు. మా దృష్టిలో ఆ వ్యవస్థ సాధించిన అసలు విజయం వారే.

రైల్వే క్రీడా ప్రోత్సాహక మండలి 1928లో ఏర్పడినది. నాటి నుండి నేటి వరకు హాకీ, కుస్తీ, మహిళా క్రికెట్, పరుగుపందెములలో దేశానికి పేరు తెచ్చినవారిలో రైల్వే ఉద్యోగులు అనేకులు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుశాలే మధ్య రైల్వేలో టికెట్ ఎగ్జామినరుగా చేరినవాడే. ఆటకు వెనుక ఉద్యోగం, ఉద్యోగానికి వెనుక సంఘం ఉన్నందున ఈ దేశంలో పేదవాని బిడ్డ కూడా క్రీడాకారుడు కాగలిగాడు. ఈ మాటను మనసునందుంచుకొని, ఇప్పుడు తెర మీది ఆటను పరిశీలించవలెను.

ఈ-స్పోర్ట్స్ అనగా నేమి

ముందుగా ఒక గందరగోళాన్ని తొలగించవలెను. డబ్బు పందెం కాచి సెల్‌ఫోనులో ఆడే రమ్మీ, పేకాటలు వేరు, ఈ-స్పోర్ట్స్ అనబడు ఎలక్ట్రానిక్ క్రీడలు వేరు. మొదటిది జూదం. దానివలన ఎన్ని ఉద్యోగి కుటుంబాలు అప్పులపాలైనవో మన సహకార పరపతి సంఘాల లెక్కలు చూచినవారికి తెలియును. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను దానిని నిషేధిస్తూ చట్టాలు సవరించినవి. రెండవది, రెండు జట్లు లేదా అనేక జట్లు ఒకే ఆటను కంప్యూటరు మీదనో ఫోను మీదనో నియమాల ప్రకారం పోటీగా ఆడుట. చూపు, చేతివేగం, వ్యూహం, సహచరులతో సమన్వయం దానికి మూలధనం.

ఈ వ్యత్యాసాన్ని పార్లమెంటు కూడా అంగీకరించినది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడోత్సవాలలో భాగంగా గుర్తించి క్రీడా మంత్రిత్వశాఖకు అప్పగించినది. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ ఆటల ప్రోత్సాహక, నియంత్రణ చట్టాన్ని ఆమోదించినవి. మరునాడే రాష్ట్రపతి ఆమోదం లభించినది. డబ్బు పందెపు ఆటలను ఆ చట్టం నిషేధించినది. అట్టి ఆటలు నడిపినవారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను న్యాయసమ్మతమైన పోటీ క్రీడగా గుర్తించినది.

పందెపు జూదంపై నిషేధాన్ని మేము స్వాగతిస్తున్నాము. కాని ఆ చట్టాన్ని ఆద్యంతం చదివినవారికి ఒక లోపం కొట్టవచ్చినట్లు కనబడుతుంది. ఆట గురించి చెప్పినది, ఆట నడిపేవాని గురించి చెప్పినది, ప్రకటనల గురించి చెప్పినది. ఆటగాని వేతనం, పని గంటలు, సెలవు, ఒప్పందం గురించి ఒక్క వాక్యమైనా లేదు. క్రీడకు గుర్తింపు వచ్చినది, క్రీడాకారునికి ఇంకా రాలేదు.

వృత్తి నడిచే తీరు

ఈ వృత్తి ఎట్లు సాగునో తెలియని పాఠకుల కొరకు క్లుప్తంగా చెప్పుచున్నాము. యువకుడు నలుగురు మిత్రులతో కలిసి అందరికీ తెరచిన పోటీలలో పాల్గొంటాడు. వేలకొలది జట్లలో కొద్ది జట్లు మాత్రమే పై మెట్టుకు చేరుతాయి. అట్లు చేరినవారిని సంస్థలు ఒప్పందంపై తీసుకొంటాయి. అందరినీ ఒక ఇంటిలో ఉంచి సాధన చేయించుట కద్దు. ఆదాయం మూడు మార్గాల వస్తుంది. నెలజీతం, బహుమతి సొమ్ములో వాటా, ఆటను ప్రేక్షకులకు ప్రత్యక్షంగా చూపుటవలన వచ్చే సొమ్ము. ఈ మూడింటిలో ఏది ఎంత, ఎవరి వాటా ఎంత అన్నది ఒప్పంద పత్రంలో సంస్థ వ్రాసినంతే. పద్దెనిమిదేండ్లు నిండీ నిండని పిల్లవాడు ఆ పత్రాన్ని చదువకనే సంతకం చేస్తాడు. బహుమతి కోటి రూపాయలని వార్త వచ్చినప్పుడు మన ఇండ్లలో కోటి మాత్రమే వినబడుతుంది. అది అనేక జట్లకు పంచబడునని, ఒక జట్టుకు వచ్చినది నలుగురైదుగురికి పంచబడునని, అందులో సంస్థ వాటా తీసివేయబడునని, మిగిలినదానిపై పన్ను ఉండునని ఎవరూ చెప్పరు.

దీనికి తోడు వృత్తి ఆయుష్షు బహు స్వల్పం. దక్షిణ కొరియాకు చెందిన ఫేకర్ అను ఆటగాడు 2013లో పదిహేడేండ్ల వయస్సున ప్రపంచ విజేత జట్టులో నిలిచి, 2025లోనూ ఆ స్థానం నిలుపుకొన్నాడు. మధ్యలో 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన జట్టులో సభ్యుడై సైనిక సేవ నుండి మినహాయింపు పొందాడు. అతడు అపవాదం, నియమం కాడు. చైనాలో అంతటి పేరు పొందిన ఊజి అను ఆటగాడు 2020లో, ఇరవై మూడేండ్లకే, మధుమేహము, చేతి బాధల కారణాన విరమణ ప్రకటించాడు. ఇరవై మూడేండ్లకు మన రైల్వేలో ఒక యువకుడు అప్రెంటిసు శిక్షణ ముగించి ఉద్యోగంలో మొదటి అడుగు వేస్తాడు. ఆ వయస్సుననే ఆ వృత్తిలో ఒకడు మాజీ అయినాడు.

మైదానమే మరొకరి సొత్తు

ఫుట్‌బాలు ఆటకు యజమాని లేడు. కబడ్డీకి లేడు. చదరంగానికి లేడు. ఒక క్లబ్బు మూతపడితే ఆటగాడు మరొక క్లబ్బుకు పోవచ్చును, ఆట మిగిలియుంటుంది. ఎలక్ట్రానిక్ క్రీడలో ఆట స్వయంగా ఒక కంపెనీ సరుకు. మైదానం, బంతి, నియమపుస్తకం, తీర్పరి అన్నీ ఆ కంపెనీవే. అది మూసిన రోజున ఆటే ఉండదు.

ఇది ఊహ కాదు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ ఒకటి. మన దేశపు ఆటగాండ్లలో అత్యధికులు ఆడుతున్నది దానినే. 2021 జూలైలో అదే ఆట వేరు పేరుతో, బి.జి.ఎం.ఐ. గా, తిరిగి వచ్చినది. 2022 జూలై 28న అది కూడా యాప్ దుకాణాల నుండి అదృశ్యమైనది. 2023 మే నెలాఖరున, మైనర్లకు రోజుకు మూడు గంటలు, ఇతరులకు ఆరు గంటలు అను పరిమితితో, మళ్ళీ వచ్చినది. దేశ భద్రత గురించి నిర్ణయించుట ప్రభుత్వాధికారం, దానిని మేము ప్రశ్నించుటలేదు. కాని ఆ పది నెలల కాలంలో ఆ ఆటపైననే జీవిస్తున్న యువకునికి లే-ఆఫ్ పరిహారం లేదు, నోటీసు లేదు, ఫిర్యాదు చేయుటకు లేబరు కమిషనరు లేడు. ఒక ఫ్యాక్టరీ గేటుకు తాళం పడితే పారిశ్రామిక వివాదంగా మనం గుర్తిస్తాము. ఈ తాళం ఎవరికీ వినబడలేదు.

విదేశాలలోనూ ఇదే తంతు. అమెరికాలో 2018లో ఎంతో ఆర్భాటంతో ప్రారంభమైన ఓవర్‌వాచ్ లీగు 2023 ఆట సీజనుతో ముగిసిపోయినది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లోనే అమెరికా న్యాయశాఖ ఆ లీగు యాజమాన్యంపై కోర్టుకు పోయినది. జట్టు ఆటగాండ్ల జీతాలు ఒక పరిమితి దాటితే ఆ జట్టుపై జరిమానా వేయు నిబంధన ద్వారా జీతాలను అణచివేశారన్నది ఆరోపణ. ఇకమీదట అట్టి నిబంధన పెట్టబోమని కంపెనీ అంగీకరించవలసి వచ్చినది. ఆటగాడు కార్మికుడు కానిచో అతని వేతనాన్ని అణచుటకు యాజమాన్యానికి అంత తాపత్రయమెందుకు?

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారాన్ని చూడండి. 1072 మీటర్ల పొడవుతో ప్రపంచంలోకెల్ల పొడవైనదని పాఠ్యపుస్తకాలలో చదువుకొన్నాము. ఆ కీర్తి 2013లో గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్ళికి పోయినది. అయినా ఖరగ్‌పూర్ స్టేషనులో ఒక్క రైలు ఆగలేదు, ఒక్క ఉద్యోగి జీతం తగ్గలేదు. రికార్డు పోయినా నిలిచే వ్యవస్థ అంటే అది. మొదటి స్థానం పోయిన మరుక్షణాన సర్వమూ పోయే వృత్తిని భద్రమైన వృత్తి అనుట సాధ్యమా?

ఐక్యత ఫలించిన సందర్భాలు

ఇదంతా చదివి, అట్లయితే ఈ వృత్తి వద్దేవద్దని తీర్మానించుట తొందరపాటు. వర్క్‌షాపు పని కూడా ఒకనాడు భద్రమైనది కాదు. లోకో రన్నింగ్ సిబ్బంది 1973లో సమ్మె చేసి పది గంటల పని పరిమితికి హామీ సంపాదించేవరకు, ఇంజను ఎక్కినవాడు ఎప్పుడు దిగునో ఇంటివారికి తెలియదు. 1974 మే 8న ప్రారంభమై ఇరవై రోజులు సాగిన మహా సమ్మెను క్రూరంగా అణచివేశారు. అయినా ఆ సమ్మె కోర్కెలలో ముఖ్యమైన బోనసు 1979లో రైల్వే ఉద్యోగులకు లభించినది. పని స్వభావం భద్రతను నిర్ణయించదు, పనివారి ఐక్యత నిర్ణయిస్తుంది.

క్రీడాకారుల విషయంలోనూ ఇదే చరిత్ర. ఇంగ్లండులో వృత్తి ఫుట్‌బాలు ఆటగాని జీతం వారానికి ఇరవై పౌండ్లు మించరాదని నియమముండేది. లక్షల మంది టికెట్లు కొని చూస్తున్న ఆటలో ఆడేవానికి దక్కినది అంతే. ఆటగాండ్ల సంఘం సమ్మెకు సిద్ధమైనందున 1961లో ఆ నియమం రద్దయినది.

తెర మీది ఆటలోనూ ఆ ఉదయం కనబడుచున్నది. దక్షిణ కొరియాలో 2019లో ఒక మైనరు ఆటగానిపై ఒత్తిడి తెచ్చి అన్యాయమైన ఒప్పందానికి లోబరచిన సంగతి బయటపడినది. ప్రజలలో ఆగ్రహం పెల్లుబికినది. ఫలితంగా 2020లో అక్కడి చట్టం సవరింపబడి, ఆటగాండ్ల కొరకు ప్రభుత్వమే నమూనా ఒప్పంద పత్రాన్ని తయారుచేసినది. అమెరికాలో 2023 మేలో ఒక లీగు యాజమాన్యం, జట్లు తమ రెండవ శ్రేణి జట్లను పోషించనక్కరలేదని ప్రకటించినది. పది జట్లలో ఏడు వెంటనే వాటిని వదిలించుకొన్నవి. ఉపాధి పోయినది రెండవ శ్రేణివారికి. కాని వారి కొరకు ఆట మానివేయుటకు ఓటు వేసినది మొదటి శ్రేణివారు. లీగు ప్రారంభం రెండు వారాలు వాయిదా పడినది. యాజమాన్యం చర్చలకు వచ్చి ఒడంబడిక చేసుకొన్నది. కోరినవన్నీ దక్కలేదు. కాని లక్షలలో జీతం తీసుకొనే ఆటగాడు, తనకన్న క్రింది మెట్టున ఉన్నవాని కొరకు నిలబడిన ఆ ఓటును ఏ రైల్వే కార్మికుడైనా వెంటనే గుర్తుపడతాడు.

ఆక్షేపణలకు సమాధానం

ఇది మన ఫెడరేషనుకు సంబంధించిన విషయం కాదని కొందరు సోదరులు అనవచ్చును. వీరు ఒప్పందదారులు, ఉద్యోగులు కారు అని యాజమాన్యాలు కూడా అంటాయి. ఈ మాట తపాలా సోదరులకు కొత్తది కాదు. గ్రామీణ తపాలా సేవకుడు ఎండలో, వానలో ఉత్తరం పంచుతాడు, మనియార్డరు ఇస్తాడు, పొదుపు ఖాతా తెరుస్తాడు. అయినా అతడు క్రమబద్ధమైన ఉద్యోగి కాడని శాఖ అంటుంది. 1977లో పి.కె. రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు నాటి ఎక్‌స్ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు సివిల్ పోస్టులో ఉన్నవారేనని తీర్పు చెప్పినది. అయినా రెగ్యులర్ ఉద్యోగితో సమానమైన పింఛను వారికి లభించలేదు. పని ఉన్నది, పేరు లేదు. పేరు లేనందున హక్కు లేదు. ఈ చిట్కాను మన శాఖలలో ఖండిస్తూ, మన బిడ్డల విషయంలో చూడనట్లు నటించుట తగదు.

మరికొందరు ఉత్సాహవంతులు ఎదురు వాదన చేస్తున్నారు. గుర్తింపు వచ్చినది గనుక ఈ-స్పోర్ట్స్‌ను వెంటనే రైల్వే, తపాలా క్రీడా కోటాలలో చేర్చవలెనని వారి కోరిక. 2020లో కేంద్రం క్రీడా కోటాకు అర్హమైన క్రీడల సంఖ్యను 43 నుండి 63కు పెంచినప్పుడు ఆ జాబితాలో ఇది లేదు. చదరంగము, క్యారమ్స్ ఉన్నప్పుడు ఇది ఎందుకుండరాదని వారు అడుగుతున్నారు. కూర్చుండి ఆడేది క్రీడ కాదనే వాదనను మేమూ అంగీకరించము. మా అభ్యంతరం వేరు. ఒక ప్రైవేటు కంపెనీ సరుకులో నైపుణ్యాన్ని ప్రభుత్వోద్యోగానికి అర్హతగా స్వీకరించినచో, రేపు ఆ కంపెనీ ఆటను మార్చినా మూసినా ఆ అర్హతకు విలువ ఏమి? ఎంపిక పోటీలను కంపెనీయే నడిపినచో పారదర్శకత ఎక్కడ? ప్రజలకు జవాబుదారీయైన క్రీడా సమాఖ్య, అది నడిపే జాతీయ పోటీలు, స్పష్టమైన నియమావళి ఏర్పడిన తరువాతనే కోటా గురించి ఆలోచించవలెను. క్రీడా కోటాలో ఉన్న కొద్ది ఖాళీలే భర్తీ కానప్పుడు, పరుగెత్తే పేద పిల్లవాని స్థానానికి పోటీ పెంచుట న్యాయం కాదు. కోటా ఆగవచ్చును, కార్మిక రక్షణ ఆగరాదు.

తల్లిదండ్రులకు, యువకులకు

తల్లిదండ్రులైన సభ్యులకు మా మనవి ఇది. కొట్టి మాన్పింపబోకండి, కోటి రూపాయల వార్త చూచి మురియబోకండి. వర్క్‌షాపులో అప్రెంటిసును ఎట్లు అడుగుదురో అట్లే అడగండి. ఏ ఆట, ఏ సంస్థ, పత్రంలో ఏమి వ్రాసియున్నది, ఎన్ని సంవత్సరాలకు కట్టిపడవేసినది, మధ్యలో విడిచిపెడితే ఎంత కట్టవలెను? పత్రాన్ని మన శాఖా కార్యదర్శికి చూపండి. ఛార్జిషీటుకు జవాబు వ్రాయగల కార్యదర్శికి ఒప్పందంలోని మోసం కనిపెట్టుట కష్టం కాదు. పందెం కాచు ఆట అయినచో మాత్రం ఆ రోజే ఆపించండి. అక్కడ రాజీ లేదు.

యువకులకు మా మాట మరొకటి. 2018 జకార్తా ఆసియా క్రీడలలో, పతకాల పట్టికలో లెక్కింపబడని ప్రదర్శన పోటీలో, తీర్థ్ మెహతా మన దేశానికి కాంస్యం తెచ్చాడు. 2023 హాంగ్‌ఝౌలో ఈ క్రీడకు పూర్తి పతకాలు ప్రకటించినప్పుడు మనవారికి ఒక్కటీ రాలేదు. అవకాశం ఉన్నది, మార్గం కఠినమైనది అని ఈ రెండు వాస్తవాలు చెబుతున్నవి. ఆడండి. కాని పరీక్ష వ్రాయండి, ఐ.టి.ఐ. పూర్తిచేయండి, డిగ్రీ చేతికి తెచ్చుకొనండి. మణికట్టు, కన్ను, నిద్ర ఇవి మీ పనిముట్లు. ఫిట్టరు తన పనిముట్టును తుప్పు పట్టనీయడు.

మా కోర్కెలు

కేంద్ర ప్రభుత్వం ముందు, మన ఫెడరేషను ముందు మేము ఈ కోర్కెలను ఉంచుతున్నాము. ఒకటి, ఈ-స్పోర్ట్స్ ఆటగాండ్లకు నమూనా ఒప్పంద పత్రాన్ని కార్మిక, క్రీడా మంత్రిత్వశాఖలు కలిసి రూపొందించి, అన్ని భారతీయ భాషలలో ప్రకటించి, దానిని తప్పనిసరి చేయవలెను. రెండు, పద్దెనిమిదేండ్లు నిండనివారితో తల్లిదండ్రుల సమ్మతి లేని ఏ ఒప్పందమూ చెల్లదని, చదువుకు భంగం కలిగించే సాధన గంటలు నిషిద్ధమని నియమం చేయవలెను. మూడు, సామాజిక భద్రతా కోడ్ 2020లో గిగ్, ప్లాట్‌ఫారం కార్మికులను నిర్వచించిన ప్రభుత్వం, నెలజీతంపై ఆడే ఆటగాండ్లను ఆ మెట్టుకు కూడా దింపక, భవిష్యనిధి, ఆరోగ్య బీమా కలిగిన ఉద్యోగులుగానే పరిగణించవలెను. నాలుగు, ఆట నిషేధింపబడినా, మూసివేయబడినా ఒప్పందకాలపు వేతనం ఇవ్వవలసిన బాధ్యత సంస్థపై ఉండవలెను. ఐదు, రైల్వే ఇన్‌స్టిట్యూటులలో, తపాలా వినోద మందిరాలలో ఈ ఆటకు ఒక గది, ఒక శిక్షకుడు, ఒక కాలపరిమితి ఉండవలెను. తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఆడుటకన్న నలుగురి మధ్య ఆడుట మేలు.

పాత పింఛను 2004 జనవరి 1 తరువాత చేరినవారికి దక్కని కాలమిది. ఖాళీలు నింపక, కాంట్రాక్టు పద్ధతిని పెంచుతున్న కాలమిది. మన పిల్లలు తెర మీది ఆటలో జీవనోపాధి వెదకుచున్నారంటే, దానికి ఆకర్షణ ఒక్కటే కారణం కాదు. వర్క్‌షాపు గేటు వారికి తెరచుకొనకపోవుట కూడా కారణమే. ఈ నిజాన్ని దాచి పిల్లలను మాత్రమే నిందించువారితో మేము ఏకీభవించము. వారు కొత్త పేటలో పనికి కుదిరిన మన కార్మిక సోదరులు. శాఖా సమావేశాలలో ఈ విషయాన్ని చర్చనీయాంశంగా చేర్చి, పై కోర్కెలపై తీర్మానాలు చేసి, ఫెడరేషను కార్యాలయానికి పంపవలసినదిగా శాఖలన్నింటికీ విజ్ఞప్తి చేస్తున్నాము.